కొండ వైపు గాలి

ప్రియమైన అమ్మకి,

నువ్వు బస్సెక్కి వెళ్ళినప్పటి నుంచి ఇంట్లో నన్ను తిట్టేవాళ్ళు లేరు. పాపం ఆ పని కూడా నీ కోడలే నెత్తికెత్తుకుంది. నీ దగ్గర నేర్చుకున్న విద్యే కాబట్టి బాగానే చేస్తోంది. పాప రోజుకి పదిసార్లు నానమ్మ ఎప్పుడొస్తుందని అడుగుతోంది. కొండ అడ్డం వల్ల మన ఊళ్ళో ఫోను పలకదు కదా, అందుకే ఈ ఉత్తరం బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు కూడా ఆయనకే ఇవ్వు. పొద్దున బయల్దేరిన బస్సు ఊళ్ళన్నీ చుట్టి సాయంత్రానికి గానీ అక్కవాళ్ళ పట్నం చేరదు కాబట్టి ఆయనకి చదివేంత తీరిక ఉంటుంది. గుట్టు విషయాలేమీ రాయకు.

కోత మిషను మన పొలం మీదుగా వెళ్ళిపోయింది. ఎప్పటిలాగే మోకాలెత్తు వరి కొయ్యకాళ్ళు వదిలేసింది, వాటి మీద గడ్డి చిందరవందరగా పడి ఉంది. కాలవకి నీళ్ళు వదిలేలోగా పొలం శుభ్రం కాకపోతే రెండో పంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఊరంతా అగ్గిపెట్టెలు జేబులో వేసుకుని గాలి కోసం ఎదురుచూస్తోంది. నిన్న మీసాల బాబాయి వచ్చి మన గుమ్మంలో కూర్చున్నాడు. "మీ అమ్మ ఉంటే మాకీ తిప్పలు ఉండేవి కావురా. ఇన్నేళ్ళలో పొగ ఒక్క పాయ కూడా ఊళ్ళోకి రానివ్వలేదు. మా గాలమ్మని పట్నం పంపేశావు" అని నన్ను నిష్ఠూరమాడాడు.

నిన్ను పంపింది నీ మంచికే. కిందటేడు పొలం గట్టు మీద తగిలిన కాస్త పొగకే నువ్వు పడ్డ ఆయాసం నేను మర్చిపోలేను. పొలాలు కాల్చే రోజుల్లో ఊళ్ళో ఉండొద్దని డాక్టరు చెప్పనే చెప్పాడు. అక్కడ హాయిగా ఊపిరి పీల్చుకో. నాకు మాత్రం గాలి చూడటం ఎలాగో రాసి పంపు. చేటతో తాలు ఎగరేస్తావని తెలుసు, ఆ తరవాత ఏం చూస్తావో ఎప్పుడూ అడగలేదు.

అక్క అత్తగారి దగ్గు ఎలా ఉంది? నవ్వకు, కండక్టరు చూస్తాడు.

ఇట్లు,
నీ చిన్నాడు


ప్రియమైన చిన్నా,

క్షేమంగా చేరాను. ఈ ఏడు మీ అక్కవాళ్ళు మారిన ఇల్లు మూడో అంతస్తులో ఉంది. మెట్లెక్కేసరికి నా ప్రాణం కళ్ళలోకి వచ్చింది. రెండు గదులు, ఒక వంటిల్లు. ముందు గదిలో కిటికీ పక్కన మా వదినగారి మంచం. మీ అక్క మందుల షాపుకి, మీ బావ కుట్టుపనికి వెళ్ళిపోతే పగలంతా ఇద్దరు వియ్యపురాళ్ళం ఎదురెదురుగా కూర్చుని మర్యాదలు చేసుకుంటున్నాం. చచ్చే చావుగా ఉంది.

ఆవిడ దగ్గు గురించి అడిగావు. నేనైతే ఇన్నాళ్ళూ అది నాటకమే అనుకున్నాను. మీ అక్క కోతల తరవాత పుట్టింటికి వస్తానన్న ప్రతిసారీ సరిగ్గా అప్పుడే ఆవిడకి ఆయాసం వచ్చేది కదా. ఇప్పుడు నిక్షేపంగా ఉంది, నాకంటే చురుగ్గా తిరుగుతోంది. కానీ నిన్నటి నుంచి కిటికీ సందుల్లో తడిబట్టలు కుక్కుతోంది. ఎందుకండీ అంటే, పొగొచ్చే రోజులు దగ్గరపడ్డాయి వదినగారూ అంది. ఎవరో ఎక్కడో పొలాలు తగలబెడతారట, అది ఏటా తిన్నగా వచ్చి ఆవిడ గుండెల మీద కూర్చుంటుందట. నాకు ఒళ్ళు మండింది. రైతులంటే అందరికీ లోకువే. మా పొగ కొండ మీదికి పోతుంది, అక్కడ ఈగ కూడా వాలదు, మీ పొగ ఎవరిదో కనుక్కోండి అన్నాను. ఆవిడ మూతి తిప్పుకుంది, నేనూ తిప్పుకున్నాను.

గాలి సంగతి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. మిషన్లు రాకముందు కళ్ళంలో తూర్పారబట్టి నేర్చుకున్నదే తప్ప ఇందులో మంత్రాలేమీ లేవు. పొద్దున ఎండ గట్టుకి తాకగానే చేటలో తాలు తీసుకుని తలపైకెత్తి మెల్లగా జారవిడు. నిలువునా పడితే ఇంటికెళ్ళి పడుకో. కొండ వైపు బారెడు జరిగి పడితే మంచి గాలి. అయినా తొందరపడకు, కొండ నెత్తిన తల్లీపిల్లా రాళ్ళకేసి చూడు. రెండు రాళ్ళ నడుమా మేఘం నిలవకుండా జారిపోతుంటే ఆ గాలి సాయంత్రం దాకా మాట మీద నిలబడుతుంది. మేఘం అక్కడ చిక్కుకుని ఉంటే మాత్రం ఆ గాలిని నమ్మొద్దు. మధ్యాహ్నానికి ప్లేటు ఫిరాయించి ఊరి మీదికొస్తుంది.

పాపకి ముద్దులు. కోడలికి చెప్పు, తిట్లలో నా పేరు నిలబెట్టమని.

ఇట్లు,
అమ్మ


ప్రియమైన అమ్మకి,

నువ్వు అక్కడ కూర్చుని ఇక్కడ గాలిని ఆడించావంటే ఊరంతా నమ్మేసింది. తాలు బారెడు కాదు, రెండు బారలు జరిగి పడింది. రాళ్ళ మధ్య మేఘం జాడే లేదు. ఆదివారం ఎండెక్కగానే కాలవకి ఇవతలి పొలాలన్నిటికీ ఒకేసారి నిప్పు పెట్టాం. పొగ లేచి, కాస్త వంగి, తిన్నగా కొండ మీదికి ఎక్కింది. మన వాకిట్లో ఆరేసిన బట్టల మీద నలుసు పడలేదు. మీసాల బాబాయి కొండకి దండం పెట్టి, ఎంత పొగైనా మింగుతుందిరా ఈ తల్లి అన్నాడు.

పనిలో పనిగా ఒక మాట. మంట అంచు నుంచి కంజుపిట్టలు లేచాయి, కొన్ని లేవలేకపోయాయి. పాప చూసి ఏడిస్తే నీ కోడలు లోపలికి తీసుకుపోయింది. నిన్న దున్నడానికి దిగితే మట్టి పెంకులా చప్పుడు చేసింది. ఒక్క వానపాము బయటపడలేదు. కొంగలు చాళ్ళ వెంట కాసేపు నడిచి, ఏమీ దొరక్క, మోసపోయినట్టు నా వైపు చూసి ఎగిరిపోయాయి. ఏటా ఇంతేనా, నేనే చూడలేదా?

కాలవకి అవతలి సగం ఇంకా పచ్చిగా ఉంది. ఆరాక మళ్ళీ గాలి చూసి కాలుస్తాం. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇట్లు,
నీ చిన్నాడు


ప్రియమైన చిన్నా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు కుదరకపోతే కూడబలుక్కుని చదువుకో.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక గదిలో వెలుతురు తగ్గింది. మబ్బేసిందనుకున్నాను. కిటికీ బయట ఎదురింటి గోడ కనబడటం లేదు. తడిబట్టలు కుక్కిన సందుల్లోంచి కూడా వాసన లోపలికి వచ్చేసింది. వదినగారు మంచం మీద లేచి కూర్చుని రెండు చేతులతో పట్టె పట్టుకుంది. అది నాటకం కాదు చిన్నా. నోరు తెరుచుకుని ఉంది, గాలి లోపలికి పోవడం లేదు. పెదవులు నీలంగా అయిపోయాయి. నా వైపు చూసి ఏదో చెప్పాలనుకుంది, మాట రాలేదు. నాకూ ఆయాసం వచ్చింది గానీ ముక్కుకి తడిబట్ట అడ్డం పెట్టుకుని ఓర్చుకున్నాను. మీ బావా, కింద షాపు అతనూ ఆవిడని కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు మోసుకుని దిగారు. ఆస్పత్రిలో వరండా నిండా మనుషులే, అందరిదీ అదే ఆయాసం. పసిపిల్లలు కూడా ఉన్నారు. ఆవిడకి ముక్కు మీద మాస్కు పెట్టి గాలి ఎక్కిస్తున్నారు. ఇలాంటి పొగ మళ్ళీ ఒక్కసారి తగిలితే మేం చెయ్యగలిగింది ఉండదని డాక్టరు మీ అక్కతో అన్నాడు.

మర్నాడు ఇంటికి వచ్చి, డాబా మీద ఆరేసిన దుప్పట్లు తీద్దామని ఎక్కాను. వాటి మీద నల్లటి నుసి. దులుపుతుంటే సగం కాలిన గడ్డిపరక ఒకటి చేతికి తగిలింది. ఏమిటో తోచక అరచేతిలో పెట్టుకుని చూశాను. కాడ మొదట్లో ఎర్రచార ఉంది. ఆ విత్తనం మన ఊళ్ళో తప్ప ఎవరూ వెయ్యరు. నా చేతులతో నారు పోసిన విత్తనం, నాకు తెలియదా?

తల ఎత్తేసరికి పొగ పలచబడింది. ఇళ్ళ కప్పుల వెనక కొండ. కొండ మీద రెండు రాళ్ళు, పెద్దదీ చిన్నదీ. మన తల్లీపిల్లా రాళ్ళలాగే ఉన్నాయే అనుకున్నాను. కాకపోతే మన వాకిట్లోంచి చూస్తే పిల్లరాయి తల్లికి కుడి పక్కన ఉంటుంది, ఇది ఎడమ పక్కన ఉంది. గడ్డిపరక పిడికిట్లో పట్టుకుని ఆ రాళ్ళనే చూస్తూ నిలబడ్డాను.

అది మన కొండే. మనం దాని వెనక ఉన్నాం. బస్సు కొండకి వీపు చూపించి బయల్దేరుతుంది కదా, అక్కవాళ్ళ ఊరు అటెక్కడో దూరంగా ఉందని నమ్మేశాం. అది రోజంతా తిరిగి తిరిగి మనల్ని కొండ అవతలే దింపుతోంది. మన పొగ మింగింది కొండ కాదు. ఆవిడ మింగింది. ఏటా, నేను చూసి చెప్పిన గాలికి.

మిగతా సగం కాల్చొద్దు. బాబాయికి చెప్పు, అందరికీ చెప్పు. నీళ్ళు పెట్టి కలియదున్నండి, ఆలస్యమైతే అవుతుంది.

అమ్మ


ప్రియమైన అమ్మకి,

నీ ఉత్తరం చదివి మొదట నమ్మలేదు. ఆయాసంలో ఏదో భ్రమపడ్డావనుకున్నాను. తప్పుగా అనుకోకు, చిన్నప్పటి నుంచి ఆ కొండకి అవతల ఏదైనా ఉంటుందని ఎవరైనా అనగా విన్నామా?

అందుకే ఎక్కాను. దారంటూ లేదు, అంతా ముళ్ళకంపే. మధ్య నుంచి పైకి కంప మీద నల్లగా నుసి పేరుకుని ఉంది, పాత నుసి మీద కొత్త నుసి. పట్టుకుంటే చేతులు మసైపోయాయి. తల్లీపిల్లా రాళ్ళ నడుమ నిలబడి ఊపిరి తీసుకుంటున్నానో లేదో, జేబులో ఫోను మోగడం మొదలుపెట్టింది. ఒకదాని వెంట ఒకటి. అక్క చేసిన ఫోన్లన్నీ, అక్క పెట్టిన మెసేజీలన్నీ అప్పుడు వచ్చి పడ్డాయి. తల ఎత్తితే కాళ్ళ కింద పట్నం. ఇళ్ళు, ట్యాంకులు, ఆరేసిన బట్టల రంగులతో సహా కనబడుతున్నాయి. కేకేస్తే ఎవరైనా తిరిగి చూస్తారేమో అన్నంత దగ్గర. అక్క పేరు మీద వేలు పెట్టాను గానీ నొక్కలేకపోయాను. ఏమని చెప్పను?

దిగి వచ్చి అందరినీ పోగేసి చెప్పాను. ముందు నవ్వారు. గడ్డిపరక సంగతి చెబితే నవ్వు ఆగింది. ఆ తరవాత కోపాలొచ్చాయి. కొండ వైపు కాకపోతే మన ఊరి మీదికి వదులుకోమంటావా అని ఒకరు, కలియదున్నితే గడ్డి కుళ్ళేదెప్పుడు, నీళ్ళు ఆగుతాయా అని ఇంకొకరు. బాబాయి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మీ అమ్మ వియ్యపురాలి ఉప్పు తిని ఆవిడ పాట పాడుతోంది. మాకు మీ అమ్మ సలహా అక్కర్లేదు, గాలి చెబితే చాలు." ఈ వారంలోనే కాలుస్తారట. కాలవకి అవతల ఉన్న మన చెక్క నడిమధ్య ఉంది, నేను పెట్టకపోయినా అంటుకుంటుంది. నువ్వు చెప్పకపోతే చేట పట్టుకుని వాళ్ళే చూసుకుంటామన్నారు.

నాకేమీ పాలుపోవడం లేదమ్మా. నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ చిన్నాడు


ప్రియమైన చిన్నా,

నిన్న మాస్కు కాసేపు తీశారు. వదినగారికి అంతా చెప్పేశాను, దాచుకుని పక్కన కూర్చోలేకపోయాను. కొండ సంగతి, ఎర్రచార సంగతి, నన్ను ఊళ్ళో ఏమని పిలుస్తారో అది కూడా. తిడుతుందనుకున్నాను. "మీరు గాలిని తిప్పగలరా వదినగారూ?" అంది. తిప్పలేను, ఎప్పుడు తిరుగుతుందో చెప్పగలనంతే అన్నాను. ఆవిడ కళ్ళు మూసుకుంది. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

వద్దంటే వినరని నాకూ అర్థమైంది. సరే. ఊళ్ళో ఇలా చెప్పు. బుధవారం పొద్దున గాలి కొండ వైపు వెళ్తుంది. గాలమ్మ మాటగా చెప్పు, సందేహం వద్దు. మంట పెట్టదలుచుకున్నవాళ్ళు బుధవారం పొద్దున పెట్టుకోవచ్చు. మేఘం గొడవ నువ్వు పెట్టుకోకు. కొన్ని సాయంత్రాలుగా ఇక్కడ డాబా మీద నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

నీకు మాత్రం ఒక పని. మంగళవారం బస్సుకే కోడలినీ పాపనీ వాళ్ళ పుట్టింటికి పంపించు. నువ్వూ వెళ్ళు. ఎందుకని అడగకు. నా మీద ఒట్టు.

ఇట్లు,
అమ్మ


అమ్మా,

ఇది బాబాయితో పాటే పంపుతున్నాను, ఆయన ఆయాసం ఆగటం లేదు, బస్సులో వెనక సీటు మీద పడుకోబెట్టాం. ఉత్తరం అందగానే అక్కతో కలిసి ఆయన్ని ఆస్పత్రిలో చేర్పించు.

బుధవారం పొద్దున తాలు కొండ వైపే పడింది. రాళ్ళ నడుమ మేఘం చిక్కుకుని ఉంది. నేను చూశాను. కానీ నువ్వు చూసి చెప్పావు కదా, నీ మాట ముందు మేఘమెంత అనుకుని నోరు మూసుకున్నాను. కాలవకి అవతల నిప్పు పెట్టారు. పొగ కొండ సగానికి ఎక్కింది, అక్కడే ఆగిపోయింది. అందరం అటే చూస్తున్నాం. మధ్యాహ్నానికి మా మొహాల మీద గాలి తగిలింది. ఎవరూ కదల్లేదు, ఏం జరుగుతోందో బుర్రకెక్కలేదు. అంతలో కొండ మీదున్న పొగంతా వెనక్కి దిగి వచ్చి ఊరి మీద కూర్చుంది. నా చెయ్యి నాకు కనబడలేదు. ఎవరి ఇల్లు ఎక్కడుందో తెలియక, పుట్టి పెరిగిన వీధిలో జనం గోడలు తడుముకుంటూ తిరిగారు. బళ్ళో పిల్లల్ని ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నడిపించుకొచ్చారు. కొందరం తడి గోనెలతో కొట్టి మంట ఆపాం, సగానికి సగం పొలం అలాగే మిగిలింది. ఆ పొగ మర్నాటికి గానీ కదల్లేదు.

నీ కోడలు వెళ్ళలేదమ్మా. ఆవు ఈనేలా ఉందని, పాపని తీసుకుని ఆగిపోయింది. నేనూ బలవంతం చెయ్యలేదు. పాప దగ్గి దగ్గి కక్కుకుంది. కళ్ళు వాచిపోయి తెరవలేకపోయింది. ఇప్పుడు కాస్త తేరుకుంది, పాలు తాగుతోంది.

ఊళ్ళో అందరూ ఒకటే అడుగుతున్నారు, నేనూ అదే అడుగుతున్నాను. నీ మాట ఒక్కసారి కూడా తప్పలేదే. ఈసారి ఎలా తప్పింది?

చిన్నాడు


ప్రియమైన చిన్నా,

పాప సంగతి చదివి ఆస్పత్రి వరండాలో నేల మీద కూర్చుండిపోయాను. ఆ పిల్ల కళ్ళు తెరిచి చూస్తోందో లేదో వెంటనే రాసి పంపు.

బాబాయి బాగానే ఉన్నాడు. వదినగారి ఎదురు మంచమే ఇచ్చారు. మాస్కు మీదికి మీసాలు వచ్చి అడ్డం పడుతున్నాయని నర్సు విసుక్కుంటోంది. మొదటి రోజంతా ఆయన ఆవిడని చూస్తూ పడుకున్నాడు. మాట వచ్చాక నన్ను పిలిచి, ఒక్కరోజుకే నాకు ప్రాణం పోయినంత పనైంది, ఈవిడ ఏటా దీన్నే పీలుస్తోందా అని అడిగాడు. అవునన్నాను. అటు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం ఆవిడే తన కిటికీ తడిబట్ట ఒకటి మీ అక్క చేత తెప్పించి ఆయన మంచం దగ్గర కట్టించింది.

నువ్వు అడిగినదానికి జవాబు. నా మాట తప్పలేదు చిన్నా. బుధవారం పొద్దున గాలి కొండ వైపు వెళ్తుందన్నాను, వెళ్ళింది. మధ్యాహ్నం సంగతి నేను రాయలేదు. రాళ్ళ వెనక మేఘం పేరుకోవడం డాబా మీద నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. గాలి తిరుగుతుందని నాకు తెలుసు. వాళ్ళంతట వాళ్ళు చేట పట్టి చూసుకుంటే మంచి గాలి దొరికేదాకా ఆగి, ఆ రోజే కాల్చేవాళ్ళు. వదినగారికి అదే ఆఖరి రోజయ్యేది. నా మాట ఒక్కటే వింటారని తెలిసి, ఆ మాటే వాడుకున్నాను. మిమ్మల్ని ముందుగా ఊరు దాటించాననుకున్నాను. ఆవు ఈనుతుందని నేను అనుకోలేదు.

ఇది బాబాయికి నా నోటితోనే చెప్పాను. మిగిలిన సగం కలియదున్నమని మీకు కబురు చెయ్యమన్నాడు, అంతే. నన్ను క్షమించాడని మాత్రం అనుకోకు, ఆ తరవాత నా చేతి నీళ్ళు తాగలేదు.

వచ్చే శుక్రవారం బస్సుకి వస్తున్నాను. ఈ ఉత్తరం దాచకు, అందరికీ చదివి వినిపించు. తిట్టేవాళ్ళు బస్సు దగ్గరికి వచ్చి తిట్టొచ్చు. వచ్చే ఏడు నన్ను గాలి అడిగితే చెప్తాను. పొద్దుటి సంగతీ చెప్తాను, మధ్యాహ్నం సంగతీ చెప్తాను, చివరికి ఎవరి మంచం దగ్గర ఆగుతుందో అదీ చెప్తాను. ఆ తరవాత అగ్గిపెట్టె తియ్యాలో వద్దో వాళ్ళిష్టం.

కోడలికి నా మొహం చూడాలని లేకపోతే బలవంతం చెయ్యకు, అరుగు మీద పడుకుంటాను. పాపని మాత్రం ఒక్కసారి కిటికీ దగ్గరికి తీసుకురా. ఊపిరి ఎలా తీసుకుంటోందో వింటాను.

ఇట్లు,
మీ అమ్మ